పావలా బిళ్ళతో గిటార్ మీటితే

మా అమ్మమ్మ పోపుల పెట్టెలో మెంతుల గిన్నె కింద ఎప్పుడూ నాలుగైదు చిల్లర బిళ్ళలు ఉండేవి. పాలవాడికనో, పిల్లల చేతిలో పెట్టడానికనో దాచేది. ఆవిడ పోయాక ఆ పెట్టె బిళ్ళలతో సహా మా ఇంటికొచ్చింది. ఒక రాత్రి సాధన చేస్తుంటే తీగలు మీటే చిన్న ముక్క, నా పిక్, జారి గిటార్ మధ్యనుండే గుండ్రటి సౌండ్ హోల్‌లో పడిపోయింది. గిటార్ తిరగేసి ఊపితే లోపల గలగలమంటుందే తప్ప బయటికి రాదు. షాపులు అప్పటికే మూసేశారు. వంటింట్లోకి వెళ్లి ఆ పెట్టెలోంచి ఒక పావలా తెచ్చి జి మేజర్ కార్డ్ వాయించాను.

తీగ మోగడానికి ముందు సన్నగా 'జర్' మని వినిపించింది. పావలా అంచు చుట్టూ ఉండే సన్నటి గీతలు తీగ మీద ఒకదాని వెనక ఒకటి తగులుతూ జారిన చప్పుడది. ఆ తర్వాత వచ్చిన మోత ఖంగుమంది. గిటార్ అదే, తీగలు అవే, చెయ్యీ అదే. మారింది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న రెండున్నర గ్రాముల లోహం ఒక్కటే. ఇంత చిన్న వస్తువు శబ్దాన్ని ఇంతలా ఎలా మార్చింది? అప్పటి నుంచి చేతికి దొరికిన ప్రతిదాన్నీ పిక్‌గా వాడి చూస్తున్నాను. పాత ఏటీఎం కార్డు, కొబ్బరి చిప్ప, కొమ్ము దువ్వెన, చెప్పు తోలు, ఎక్స్‌రే ఫిల్మ్ అన్నీ అయ్యాయి. వాటి నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

నాణెంతో వాయించేవాళ్లలో ప్రపంచం మొత్తానికి తెలిసిన పేరు క్వీన్ బృందపు గిటారిస్ట్ బ్రయాన్ మే. ఆయన పిక్ బ్రిటన్ పాత ఆరు పెన్నీల నాణెం, సిక్స్‌పెన్స్. ప్లాస్టిక్ పిక్ వంగిపోవడం వల్ల తీగ దగ్గర ఏం జరుగుతోందో వేళ్లకు సరిగా తెలియడం లేదని ఆయన గట్టి పిక్‌ల వైపు, వాటి నుంచి నాణెం వైపు వచ్చారు. నాణేన్ని వదులుగా పట్టుకుంటారు. దాన్ని తీగకు సమాంతరంగా ఉంచితే శబ్దం మెత్తగా వస్తుంది. కొంచెం ఏటవాలుగా తిప్పితే అంచు గీతలు తీగను గీరి, స్వరం మొదట్లో హల్లులాంటి గరుకు చేరుతుంది. ఆయన గిటార్ కూడా ఇలాంటిదే. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టి చేసుకున్నారు. పాత పొయ్యి చట్రం చెక్క, మోటార్‌సైకిల్ స్ప్రింగులు, అల్లిక సూది కొన, అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు, అన్నీ అందులో ఉన్నాయి.

సిక్స్‌పెన్స్ వ్యాసం దాదాపు 19.4 మిల్లీమీటర్లు, బరువు 2.83 గ్రాములు. 1947 నుంచి దాన్ని రాగి, నికెల్ కలిపిన లోహంతో ముద్రించారు. మన 1970లు, 80ల నాటి పావలా వ్యాసం 19 మిల్లీమీటర్లు, బరువు 2.5 గ్రాములు. అదీ రాగి, నికెల్ మిశ్రమమే, అంచుకు గీతలూ ఉన్నాయి. అంటే నా పోపుల పెట్టెలో దొరికింది సిక్స్‌పెన్స్‌కు వరసకు చెల్లెలు. సిక్స్‌పెన్స్ చెలామణీ 1980లో ఆగింది, పావలాది 2011 జూన్ 30తో ఆగింది.

ఇక అసలు విషయం. గిటార్ వాయించేవాళ్లు నలుగురు చేరితే 'లోహమైతే ఖంగుమంటుంది, చెక్కయితే మెత్తగా పలుకుతుంది, ప్లాస్టిక్ మధ్యస్తం' అంటారు. ఇందులో సగమే నిజం. వస్తువు పేరు శబ్దాన్ని నిర్ణయించదు. ఆ వస్తువుకు ఉన్న మూడు నాలుగు గుణాలు నిర్ణయిస్తాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండటంతో మనం లోహం, చెక్క అని పేర్లు పెట్టి సరిపెట్టుకుంటున్నాం.

తీగను మీటడం అంటే ఏం చేస్తున్నామో చూడండి. పిక్‌తో తీగను పక్కకు లాగినప్పుడు అది రెండు చివర్ల నుంచి సాగి, మీటే చోట ఒక కోణంగా నిలుస్తుంది. గాలిపటం దారాన్ని వేలితో లాగి పట్టుకున్నట్టు. వదలగానే ఆ కోణం రెండుగా చీలి తీగ పొడవునా అటూ ఇటూ పరుగెడుతుంది. ఆ కోణం ఎంత పదునుగా ఉంటే స్వరంలో అంత ఎక్కువ హార్మోనిక్స్ ఉంటాయి. అంటే మూల స్వరానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు వేగంతో కంపించే పై స్వరాలు. అవి ఎక్కువైతే మన చెవికి 'ఖంగు'. కోణం గుండ్రంగా ఉంటే పై స్వరాలు త్వరగా తగ్గిపోయి శబ్దం మెత్తబడుతుంది. వేలి కండతో మీటినప్పుడు తీగ ఒక సెంటీమీటరు మేర కండకు ఆనుకుని వంపు తిరుగుతుంది. సన్నటి మొన ఉన్న పిక్‌కు ఆనేది మిల్లీమీటరు మేరే. బొటనవేలి మీటుకీ పిక్ మీటుకీ ఉన్న తేడాలో పెద్ద భాగం ఇదే.

ఈ లెక్కన మొన ఎంత సన్నగా ఉంది, అంచు ఎంత నున్నగా ఉంది అన్నది మొదటి గుణం. పిక్ ఎంత వంగుతుంది అన్నది రెండోది. తీగ మీద ఎంత జారుతుంది, ఎంత పట్టుకుంటుంది అన్నది మూడోది. తీగ కంటే గట్టిదా, మెత్తదా అన్నది నాలుగోది. దీని ప్రభావం శబ్దం కంటే తీగ ఆయుష్షు మీద ఎక్కువ.

నమ్మకం కుదరకపోతే గడువు తీరిన బ్యాంకు కార్డు ఒకటి తీసుకోండి. ముందు చిప్‌నూ, నల్ల అయస్కాంతపు పట్టీనీ కత్తిరించి పారేయండి. ప్రపంచంలో ఏ బ్యాంకు కార్డయినా 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు, 0.76 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం అది. పిక్‌లు అమ్మే షాపులో మీడియం అని అడిగితే ఇచ్చేది దాదాపు ఇంతే మందం. పిక్‌లు తయారుచేసే డన్‌లప్ వాళ్ల టార్టెక్స్ వరసలో పసుపు రంగుది 0.73. అందుకే పర్సులో ఉన్న కార్డు ఇంత చక్కగా పిక్ అవుతుంది.

ఆ కార్డులోంచి పాత పిక్‌ను అచ్చుగా పెట్టి మూడు ముక్కలు కత్తిరించండి. ఒకదాని మొన సన్నగా చెక్కి, సన్నరకం ఎమరీ పేపర్‌తోనూ ఆ తర్వాత జీన్స్ గుడ్డతోనూ అద్దంలా నున్నగా రుద్దండి. రెండోదాని మొన బాగా గుండ్రంగా చేసి అంతే నున్నగా రుద్దండి. మూడోదాన్ని కత్తెర వేసినట్టే గరుగ్గా వదిలేయండి. మూడూ ఒకే కార్డు, ఒకే పీవీసీ ప్లాస్టిక్, ఒకే మందం. ఇప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేస్తూ ఒక్కొక్కదానితో ఒకే తీగను ఒకే చోట పదేసి సార్లు మీటండి. మొదటిది లోహంలా పలుకుతుంది. రెండోది చెక్కలా పలుకుతుంది. మూడోది ప్రతి మీటుకీ ముందు 'చిర్' మంటుంది. నేను ఇది మొదటిసారి చేసినప్పుడు రికార్డింగ్‌ను మళ్లీ మళ్లీ విన్నాను. పదార్థం మారకుండానే మూడు పిక్‌లు వినిపించాయి.

'ఒకే చోట' అన్నమాట గట్టిగా చెప్పాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. తీగను బ్రిడ్జి దగ్గర, అంటే పై పలక మీద తీగలు ఆనే పట్టీ దగ్గర మీటితే సన్నగా, కరుకుగా పలుకుతుంది. సౌండ్ హోల్ మీద మీటితే నిండుగా ఉంటుంది. సరిగ్గా సగం దగ్గర, అంటే గిటార్ మెడ మీది అడ్డ లోహపు గీతల్లో పన్నెండోది, పన్నెండో ఫ్రెట్ మీద మీటితే రెండు, నాలుగు, ఆరు ఇలా సరిసంఖ్య హార్మోనిక్స్ దాదాపు మాయమై గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది. అయిదో వంతు దగ్గర మీటితే అయిదోది, పదోది పోతాయి. చెయ్యి మూడు వేళ్ల దూరం జరిగితే వచ్చే తేడా చాలాసార్లు పిక్ మారిస్తే వచ్చే తేడా కంటే ఎక్కువ. కొత్త పిక్ కొన్న ఉత్సాహంలో తెలియకుండానే చెయ్యి బ్రిడ్జి వైపు జరుగుతుంది. మెరుగంతా పిక్‌దే అనుకుంటాం.

వంగే గుణం సంగతి వేరు. పలచటి పిక్ తీగను కొంతవరకే లాగి, తానే వంగి జారుకుంటుంది. చెయ్యి ఎంత గట్టిగా కొట్టినా ఒక మోతాదు దాటి బలం తీగకు చేరదు. తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటే స్ట్రమ్మింగ్‌లో ఆరు తీగలూ సమంగా పలకడానికి ఇది మేలు. పైగా వంగిన పిక్ వెనక్కి కొట్టుకునేటప్పుడు వచ్చే 'టప్ టప్' తాళంలా కలిసిపోతుంది. అదే పలచటి పిక్‌తో ఒక రాగాన్ని ఒక్కో స్వరంగా వాయించబోతే ఇబ్బంది. వేలు కదిలిన క్షణానికీ తీగ మోగిన క్షణానికీ మధ్య పిక్ వంగే సమయం ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ అది చేతికి తెలుస్తుంది. వేగంగా వాయించేవాళ్లు మిల్లీమీటరు దాటిన మందానికి వెళ్లేది అందుకే. నాణెం అసలు వంగదు. ఎక్కడో ఒకచోట సడలాలి కాబట్టి మణికట్టే సడలుతుంది. బ్రయాన్ మే నాణేన్ని వదులుగా పట్టుకోవడం వెనకున్న కారణం ఇదేనని నాకు పావలా వాడాకే అర్థమైంది. బిగించి పట్టుకుంటే తీగకు తట్టుకుని ఆగిపోతుంది.

ఇక మనుషులు ఎప్పటి నుంచో వేటితో మీటుతున్నారో చూస్తే, 'వింత వస్తువు' అన్న మాటకు అర్థమే మారిపోతుంది. అరబ్బుల తీగ వాయిద్యం ఊద్ వాయించేవాళ్లు గద్ద ఈక కాడతో మీటేవారు. తుర్కియేలో సాజ్ అనే తీగ వాయిద్యానికి చెర్రీ చెట్టు బెరడు వాడేవారు. పియానోలా మీటలు నొక్కి వాయించే యూరప్ హార్ప్సికార్డ్‌లో ప్రతి తీగ కిందా కాకి జాతి పక్షి ఈక ముక్క ఉండేది. సితార్‌కు వేలికి తొడుక్కునే, ఉక్కు తీగతో చుట్టిన మిజ్రాబ్. ఫ్యాక్టరీ పిక్ వీటన్నిటికంటే వయసులో చిన్నది. 1922లో న్యూయార్క్‌లో లుయీజీ డాండ్రియా సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ రేకుల నుంచి పిక్‌లు కోయడం మొదలుపెట్టాక గాని అవి ఊరూరా దొరకలేదు.

అంతకు ముందు మేలైన పిక్ అంటే తాబేటి చిప్ప. హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు వీపు మీది పెంకు. దువ్వెనలకూ కళ్లజోళ్లకూ పిక్‌లకూ ఆ జీవిని అంతరించిపోయే స్థితి దాకా వేటాడారు. 1970ల్లో అంతర్జాతీయ ఒప్పందం దాని వ్యాపారాన్ని నిషేధించింది, మన వన్యప్రాణి చట్టమూ నిషేధిస్తోంది. ఇప్పటికీ 'అసలు తాబేటి చిప్ప పిక్' అని రహస్యంగా అమ్మజూపేవాళ్లు ఉన్నారు. దయచేసి కొనకండి. దానికోసం ఒక ప్రాణి పోవాల్సిన అవసరం ఏ కోశానా లేదు, ఎందుకంటే ఆ పెంకు కెరాటిన్ అనే ప్రోటీన్. మన గోరూ కెరాటినే. గేదె కొమ్మూ కెరాటినే. వీటి అమరికలో తేడాలున్నాయి గాని తీగ మీద ప్రవర్తన దగ్గరగానే ఉంటుంది. నున్నగా మెరుగు పడుతుంది, తీగను కాస్త పట్టి వదులుతుంది, వేళ్ల చెమటకు మరీ జారదు. వీణ వాయించేవాళ్లలో చాలామంది కొనగోటితోనే మీటుతారు. ఆ నాదంలోని మెత్తదనం, పదును రెండూ కలిసి రావడానికి కెరాటినూ ఒక కారణం.

కొమ్ము నాకు దొరికింది దువ్వెన రూపంలో. శ్రీకాకుళం జిల్లాకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి కొమ్ము పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి ఎవరో తెచ్చిన పాత దువ్వెన పళ్లు విరిగి మూలన పడి ఉంటే, దాని వెన్ను భాగాన్ని హ్యాక్సా బ్లేడుతో కోశాను. రుద్దుతుంటే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. ఆ పొడి పీల్చకూడదు, నీళ్లు చిలకరించుకుంటూ రుద్దాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంతో తయారైన ఆ పిక్ ఇప్పుడు నా దగ్గరున్న వాటిలో నాకు అత్యంత ఇష్టమైనది.

సెల్యులాయిడ్ కథలో నాకు నచ్చే ముక్క ఒకటుంది. 1870లో పేటెంటు పొందిన అమెరికన్ జాన్ హయాట్ దాన్ని తయారుచేసింది బిలియర్డ్ బంతుల్లో ఏనుగు దంతానికి బదులుగా. నైట్రో సెల్యులోజ్‌లో కలిపింది కర్పూరం. సెల్యులాయిడ్ పిక్ మొనను ఎమరీ పేపర్ మీద గీకి చూడండి, దేవుడి గది వాసన వస్తుంది. కర్పూరంలాగే ఇదీ చటుక్కున అంటుకుంటుంది, అగ్గిపుల్లకు దూరంగా ఉంచాలి. 2014 దాకా టేబుల్ టెన్నిస్ బంతులు కూడా దీనితోనే చేసేవారు. గోళ్లతో వాయించే క్లాసికల్ గిటారిస్టులు గోరు విరిగితే ఆ బంతి ముక్కను గోరు ఆకారంలో కత్తిరించి జిగురుతో కింద అతికించుకునేవారు. బంతి వంపు గోరు వంపుకు సరిపోతుంది.

1981లో డన్‌లప్ తెచ్చిన టార్టెక్స్ పేరులోనే తాబేలు (టార్టాయిస్) ఉంది. పదార్థం మాత్రం డెల్రిన్ అనే ఇంజనీరింగ్ ప్లాస్టిక్. హార్ప్సికార్డ్‌లో ఈకల చోట ఇప్పుడు ఎక్కువగా వాడేది కూడా డెల్రినే. ఈకా తాబేటి చిప్పా చేసిన పనిని ఒకే ప్లాస్టిక్ అందుకుంది.

కొబ్బరి చిప్ప దగ్గర కాస్త ఆగుతాను. ప్రతి తెలుగింట్లోనూ దొరికేది ఇదే. సరోద్ వాయించేవాళ్ల పిక్‌ను జవా అంటారు, దాన్ని కొబ్బరి చిప్పతో చేయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. సరోద్ తీగల్లో ఎక్కువ ఉక్కువి. వాటి మీద గంటల తరబడి నిలబడే వస్తువు గిటార్ మీద నిలబడదా? ముదురు కాయ చిప్ప తీసుకోవాలి. లేత కాయది పొరలుగా ఊడిపోతుంది. పగలగొట్టాక వారం రోజులు నీడన ఎండనివ్వండి. చిప్పకు వంపు ఉంటుంది కాబట్టి పెద్ద కాయ నడుము భాగంలోంచి, వీలైనంత చదునుగా ఉన్నచోట కోయాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పీచు వైపూ కొబ్బరి వైపూ రెండూ రుద్ది దాన్ని రెండుకు తేవాలి, మొన దగ్గర ఒకటి. ముందు 120 నంబరు ఎమరీ, తర్వాత 400, చివర 1000. ఆఖర్న చుక్క కొబ్బరి నూనె వేసి గుడ్డతో రుద్దితే నల్లగా నిగనిగలాడుతుంది. నాకు మొదటిది తయారు కావడానికి రెండు సాయంత్రాలు పట్టింది, దాన్ని మర్నాడే కింద పడేసి విరగ్గొట్టుకున్నాను. చిప్ప గట్టిదే గాని పెళుసు. మొనను మరీ సన్నగా తీస్తే పెచ్చు ఊడుతుంది. రెండోసారి మొనను గుండ్రంగా వదిలాను. అది ఇప్పటికీ ఉంది. శబ్దం గుండ్రంగా, కొంచెం పొడిగా, స్వరం మొదట్లో 'టక్' మనే చిన్న చెక్క చప్పుడుతో వస్తుంది. పాత పాటల్ని ఒక్కో స్వరంగా వాయించడానికి ఎంతో బాగుంటుంది. స్ట్రమ్మింగ్‌కు పనికిరాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చెప్పు తోలు ముక్క బొటనవేలి కండలాగే పలుకుతుంది, యుకలేలికీ బేస్ గిటార్‌కూ బాగుంటుంది. నైలాన్ తీగల గిటార్‌కు కూడా సరే. ఎక్స్‌రే ఫిల్మ్ పాలియెస్టర్, గట్టి సరుకే గాని ఒక్క పొర మరీ పలచన. మూడు పొరలు అతికిస్తే వాడొచ్చు. నీళ్ల సీసా ప్లాస్టిక్ అంచు వెంటనే అరిగిపోతుంది. పెరుగు డబ్బా మూత వంగి ఊరుకుంటుంది, పని జరగదు. గాజు ముక్క, గాజుల ముక్క, బ్లేడు, రేకు జోలికి అస్సలు వెళ్లొద్దు. తీగ తెగేలోపే వేలు తెగుతుంది.

నాణెం వాడితే తీగలు పాడవుతాయా అని చాలామంది భయం. సమాధానం ఏ తీగ, ఏ నాణెం అన్నదాని మీద ఉంది. కింది సన్నటి రెండు తీగలు సాదా ఉక్కువి, చాలా గట్టి ఉక్కు. రాగి, నికెల్ నాణెం వాటి కంటే మెత్తన, కాబట్టి అరిగేది నాణెమే. చుట్టు తీగలది వేరే సంగతి. అకూస్టిక్ గిటార్‌లో లావు తీగల మీద చుట్టేది కంచు లేదా ఇత్తడి లాంటి లోహం. స్టీల్ నాణెం దాన్ని అరగదీస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ చుట్టు నికెల్ పూత వేసిన ఉక్కు, కొంత ఎక్కువ తట్టుకుంటుంది. బ్రయాన్ మేది ఎలక్ట్రిక్ గిటార్ అన్న సంగతి గుర్తుంచుకోవాలి. నైలాన్ తీగల మీద ఏ నాణెమూ వాడకూడదు. గిటార్ పై పలక మెత్తటి స్ప్రూస్ చెక్క, పిక్ దెబ్బలు ఆపడానికి అతికించే పిక్‌గార్డ్ దాటి తగిలిన ప్రతి దెబ్బకూ అక్కడ గీత పడుతుంది. నా గిటార్ మీద అలాంటివి రెండున్నాయి.

మీ ఇంట్లో పావలా దొరికితే అది ఏ లోహమో ఫ్రిజ్ మీది అయస్కాంతం చెబుతుంది. 1988 నుంచి వచ్చిన ఖడ్గమృగం బొమ్మ పావలా స్టెయిన్‌లెస్ స్టీల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. రాగి, నికెల్ కలిపింది అంటుకోదు. 1960ల నాటి పూర్తి నికెల్ పావలాలు కూడా అంటుకుంటాయి, కాబట్టి మీద ఉన్న సంవత్సరం కూడా చూడండి. పిక్‌కు కావలసింది అంటుకోనిది. ఒక్క మాట: నాణేన్ని పిక్ ఆకారంలో కోయకండి. చెలామణీలో ఉన్న నాణేలనైతే కరిగించడాన్నీ ధ్వంసం చేయడాన్నీ 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది. నిజానికి కోయాల్సిన అవసరం కూడా లేదు, గుండ్రంగా ఉండటమే దాని సుఖం. ఒకచోట అరిగితే వేళ్ల మధ్య కొంచెం తిప్పుకుంటే కొత్త అంచు వస్తుంది.

అమ్మమ్మ పావలాను అలా తిప్పుకుంటూ రెండేళ్లుగా వాడుతున్నాను. అశోక స్తంభం తలకు ఎదురుగా ఉన్న అంచు మీద చిన్న గోరంత మేర గీతలు పూర్తిగా పోయి నున్నగా తయారైంది. అక్కడ పట్టి మీటితే 'జర్' రాదు, గుండ్రటి మోత వస్తుంది. పక్కనే గీతలున్న చోట మీటితే ఇంకా ఆ మొదటి రాత్రి శబ్దమే వస్తుంది. సాధన అయ్యాక దాన్ని కడిగి తుడిచి పోపుల పెట్టెలోనే పెడుతున్నాను. మర్నాడు తీసేసరికి మళ్లీ మెంతుల వాసన వస్తుంది.